నూట ముప్పై అడుగులు

మా కాలేజీ నన్ను మూడుసార్లు రిటైర్ చేసింది. మూడుసార్లూ శాలువా కప్పి, దండ వేసి, నా గురించి నేనే నమ్మలేని మాటలు చెప్పి పంపించింది. మూడుసార్లూ మర్నాడు పొద్దున్నే ఐదున్నరకి నేను గ్రౌండులోనే ఉన్నాను.

అబద్ధమెందుకు, రెండుసార్లే. మొదటి శాలువా మా బావమరిది గృహప్రవేశంలో పెట్టింది. మూడు అంటే వినడానికి బాగుంటుందని కలిపాను. నా అలవాటే అంత. ముందు కాస్త పెంచి చెబుతాను, తర్వాత మనసొప్పక దించుతాను. వ్యాయామ విద్యలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పెంచిన చోట నవ్వుకోండి. దించిన చోట ఆగి చదవండి. పనికొచ్చేదేమన్నా ఉంటే అక్కడే ఉంటుంది.

మా కాలేజీ నరసరావుపేట శివార్లలో ఉంది. ఇరవై ఆరేళ్ళ వయసులో అక్కడ ఫిజికల్ డైరెక్టరుగా చేరాను. అప్పటికి మా పల్నాడులో ఆటంటే కబడ్డీ. కబడ్డీ తర్వాత వాలీబాల్. వాలీబాల్ తర్వాత పంచాయతీ ఎన్నికలు. ఫుట్‌బాల్ బొమ్మ పేపర్లో చూసినవాళ్ళే తప్ప బంతిని తన్నినవాళ్ళు లేరు. బంతిని చేత్తో ముట్టుకోకూడదని చెబితే మా రైతుబిడ్డలు నాకేదో జబ్బు చేసినట్టు చూశారు. ఒక కుర్రవాడి తండ్రి ఎరువుల కొట్టు ముందు నన్ను నిలబెట్టి అడిగాడు.

“ఏంది మేష్టారూ, మావోడు కాళ్ళతో ఆడతన్నాడంట? దేవుడిచ్చిన చేతులేం పాపం చేసినయ్?”

ఆ కాళ్ళతోనే ఆ పిల్లల చేత పన్నెండు కప్పులు గెలిపించాను. దించుతున్నాను: ఐదు. అందులో ఒకటి, ఎదుటి జట్టు వస్తున్న బస్సు దాచేపల్లి దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుపోవడం వల్ల వచ్చింది.

ఇక మా గ్రౌండు సంగతి. ఆ స్థలం కాలేజీకి ఇచ్చిన పెద్దరైతు ఒక్కటే షరతు పెట్టాడు. ఏటా మిరప కోతలు మొదలయ్యాక ఆయన కుటుంబం ఆ గ్రౌండులో కాయలు ఆరబోసుకోవాలి. ఆయన పోయాడు, ఆయన కొడుకులకు కూడా జుట్టు నెరిసింది, షరతు మాత్రం నిన్న రాసినట్టే ఉంది. ఫిబ్రవరి వచ్చేసరికి గ్రౌండంతా ఎర్రగా పరుచుకుంటుంది. కాయల మధ్య గోలుపోస్టులు అడ్డం. అందుకని మాకు ఇనుప పోస్టులు ఎన్నడూ లేవు. సరుగుడు బాదులే. కోతలకు ముందు పీకేస్తాం, కాలేజీ తెరిచి నాలుగు వానలు పడ్డాక మళ్ళీ పాతుతాం. జూలైలో మొదటి వారం ప్రాక్టీసంటే తుమ్ములే. మట్టిలో మిగిలిన గింజలూ తొడిమలూ కాళ్ళ కింద నలిగి ఘాటు లేస్తుంది. మా దగ్గర ఓడినవాళ్ళే కాదు, గెలిచినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటూనే బస్సెక్కేవారు.

ఏటా పోస్టులు పాతే రోజే నాకు పండగ. గ్రౌండుకు దక్షిణం చివర నేలలో ఒక నాపరాయి దిగేసి ఉంది. దక్షిణపు గోలు ఎప్పుడూ దాని పక్కనే. అక్కడ చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, ఉత్తరంగా నూట ముప్పై అడుగులు వేస్తాను. ఎక్కడ ఆగితే అక్కడ ఉత్తరపు గోలు. అడ్డంగా ఎనభై ఐదు. టేపు లేదు, తాడు లేదు. కొత్త బ్యాచి పిల్లలు రెండు పక్కలా నడుస్తూ పైకి లెక్కపెడతారు. నూట ముప్పై అనగానే చప్పట్లు, ఈలలు. చేరిన ఏడాదే ఒక సర్వేయరు గొలుసుతో కొలిచి, నూట నాలుగు మీటర్లు పక్కాగా వచ్చిందని నా కాళ్ళకు దండం పెట్టాడు. దించుతున్నాను: దండం పెట్టలేదు. “పర్లేదే” అన్నాడు.

అరవై నిండగానే రూలు ప్రకారం నాకు సన్మానం జరిగింది. అదీ కాలేజీ కప్పిన మొదటి శాలువా. మర్నాడు పొద్దున నేను గ్రౌండులో కనబడితే కరస్పాండెంటు ఏమీ అనలేకపోయాడు. ఎందుకంటే ఒకప్పుడు ఆయన నా గోల్‌కీపరు. “ఇంట్లో ఉండి ఏం చేస్తార్లే మేష్టారూ, ఫుట్‌బాల్ మటుకు చూసుకోండి” అన్నాడు. ఆ ‘మటుకు’ పట్టుకుని ఇంకో పదేళ్ళు లాగాను.

లాగానని ఊరికే అనడం లేదు. చివరి ఆరేళ్ళలో సొంత గ్రౌండులో మా జట్టు ఒక్క మ్యాచి ఓడలేదు. అదంతా నా అనుభవం మహిమేనని ప్రిన్సిపాలుకీ, స్టాఫ్‌రూముకీ, బస్టాండులో నన్నెరగనివాళ్ళకీ చెప్పాను. బయట గ్రౌండుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. గురజాల వెళ్ళినా, మాచర్ల వెళ్ళినా, ఇంకా అరగంట ఆట ఉండగానే మావాళ్ళు నడుములు పట్టుకుని నిలబడేవాళ్ళు. పొడుగు బంతి కొడితే మనిషి దాకా చేరేది కాదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు వెనక నిలబడి వాయించేవాణ్ణి.

“ఒరేయ్, పొద్దున అన్నం తిన్నారా, ఊక తిన్నారా?”

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు నూజెండ్ల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు. వెనక నిలబడి ముందున్నవాళ్ళకి బంతి అందించడం వాడి పని. మా గ్రౌండులో వాడు తన్నితే బంతి వెళ్ళి మావాడి రొమ్ము మీద దిగేది. బయటకెళితే ప్రతిసారీ నాలుగు బారల ముందే పడేది. ఒకరోజు గురజాలలో ఓడిపోయాక జట్టంతా వింటుండగా అన్నాను.

“నీ కాలు మన కాంపౌండు గోడ దాటితే చచ్చిపోద్దిరా. భయస్తుడివి నువ్వు.”

రెండు మ్యాచిలు వాణ్ణి పక్కన కూర్చోబెట్టాను. మూడో మ్యాచికి వాడు రాలేదు. నేనూ పిలవలేదు.

అది జరిగిన మూడేళ్ళకి కాలేజీల మధ్య టోర్నమెంటు జరిపే వంతు మాకు వచ్చింది. కరస్పాండెంటు నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేశాడు. తలుపు వేశాడంటేనే నాకు విషయం అర్థమైంది.

“మేష్టారూ, ఈ టోర్నమెంటు అయిపోగానే మీకు ఘనంగా సన్మానం చేద్దామనుకుంటన్నాం.”

“ఎందుకు? నేనేం తప్పు చేశా?”

“తప్పు కాదు మేష్టారూ. డెబ్బై దగ్గర పడతన్నాయి. అమ్మాయి వచ్చింది గదా, ఆమె చూసుకుంటది.”

“సొంత గ్రౌండులో ఓడిన రోజు చెప్పు. ఆ రోజే పోతా.”

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. గోల్‌కీపరుగా ఉన్నప్పుడూ అంతే, ఎటు దూకాలో తేల్చుకోవడానికి చానాసేపు పట్టేది. “సరే. కప్పు మనకొస్తే మీకు ఓపికున్నన్నాళ్ళు ఉండండి. రాకపోతే శాలువా కప్పించుకుని, విజిలు ఆ అమ్మాయి చేతిలో పెట్టాల. మాటేనా?”

“మాటే.”

ఆ అమ్మాయి అంటే మా కొత్త ఫిజికల్ డైరెక్టరు. మాచర్ల వైపు పిల్ల, పరుగుపందేల్లో పేరు తెచ్చుకుని వచ్చింది. అప్పటికి చేరి రెండేళ్ళు. నా కుర్చీకి వారసురాలని అందరూ అంటుంటే నేను ఆమెకు చేయని చిల్లర పని లేదు. ఆటసామాన్ల గది తాళం చెవి పోయిందన్నాను, అది నా జేబులోనే ఉంది. కొలిచే టేపు అసలు కాలేజీలోనే లేదన్నాను. ఇది మాత్రం నిజం, ఎప్పుడో ఒక తాపీమేస్త్రీకి ఇచ్చి మరిచిపోయాను. అన్నిటికీ ఆమె “సరే సార్” అనేది. ఎదురు తిరిగినా బాగుండేది. ఆ ‘సరే’ నన్ను చంపేది. టేపు లేదంటే తనదే ఒకటి కొని తెచ్చుకుంది.

టోర్నమెంటుకు పదకొండు రోజులు ఉండగా, ఆడపిల్లలకు వంద మీటర్ల పరుగు పెట్టాలని ఆ టేపుతో గ్రౌండులోకి దిగింది. ఫుట్‌బాల్ గీత పక్కనే ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తిస్తే సరిపోతుందనుకుంది. కాసేపటికి నన్ను పిలిచింది.

“సార్, ఒక్కసారి ఇట్టా వస్తారా?”

“ఏందమ్మాయ్?”

“వంద మీటర్లు పట్టట్లేదు సార్.”

“ఎక్కడ పట్టట్లేదు?”

“మన గ్రౌండులో.”

“ఎంతొచ్చింది?”

“ఎనభై ఎనిమిది.”

“నీ టేపు ఎండకు సాగుంటది.”

“పదహారు మీటర్లు సాగితే అది టేపు కాదు సార్, రబ్బరు.”

మళ్ళీ కొలవమన్నాను. కొలిచింది. మూడోసారి నాపరాయి దగ్గర టేపు చివర నేనే వేలితో నొక్కిపట్టి కూర్చున్నాను. ఎనభై ఎనిమిదే. ఆమె టేపు వదిలేసి ఉత్తరపు గోలు వెనక్కి నడిచి, నేలను చూస్తూ నిలబడింది.

“సార్, ఇయ్యేంది? జంటజంటగా వరసన ఉన్నయ్?”

అక్కడ గడ్డి మధ్య గుండ్రటి మచ్చలు ఉన్నాయి. పాత గుంటలు పూడ్చిన చోట గడ్డి కాస్త పచ్చగా, ఒత్తుగా మొలుస్తుంది. ఒక జంట, దాని వెనక గజం దూరంలో ఇంకో జంట, దాని వెనక ఇంకోటి. అలా మా క్యాంటీను బెంచీల కింద దాకా వెళ్ళాయి. ఏడాదికో జంట. ఆమె వాటినీ, నా మోకాళ్ళనూ మార్చి మార్చి చూసింది.

ఇప్పుడు దించాల్సింది ఇంకొకటుంది. ఇది పెద్దది. నాకు ముందే తెలుసు.

ఒక ఏడు నూట ముప్పై దగ్గర ఆగి కళ్ళు తెరిస్తే, పోయినేటి గుంట నాకు ముందు కనబడింది, ఇంకా రెండడుగుల దూరంలో. వానకు మట్టి జరిగిందనుకున్నాను. మరుసటి ఏడు తుఫాను మీద తోశాను. మూడో ఏడు తోయడానికి ఏమీ దొరకలేదు. చుట్టూ పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. నా అడుగు కురచైందని అర్థమైంది. ఇంకో రెండడుగులు వేస్తే సరిపోయేది. కానీ నూట ముప్పై ఒకటి అని వాళ్ళు పైకి లెక్కపెట్టడం నేను వినలేను. పాదంతో మట్టి లాగి ఆ గుంట కప్పేశాను. ఆ తర్వాత ప్రతి ఏడూ కళ్ళు తెరవగానే మొదట చేసే పని అదే. బయట గ్రౌండుల్లో పిల్లలు ఎందుకు ఆయాసపడుతున్నారో తెలిసీ ఊక తిన్నారా అని అడిగినవాణ్ణి నేను.

“టోర్నమెంటు ముందు గ్రౌండు చూట్టానికి వచ్చేవాళ్ళు టీ తాగి సంతకం పెట్టి పోతారు సార్, కొలవరు. ఇది మీ గ్రౌండు. మీరెట్టా అంటే అట్టా” అంది ఆమె.

ఆ క్షణంలోనే నిజం వైపు నిలబడ్డానని రాయాలని నాకెంతో ఉంది. “టేపు చుట్టెయ్” అన్నాను. “సరే సార్” అని చుట్టేసింది. పొట్టి గ్రౌండులో ఆడితే కప్పు మాదే, నా కాలం నాదే. పొడుగు గ్రౌండులో మావాళ్ళకి డెబ్బై నిమిషాల తర్వాత కాళ్ళు లేవవు. లెక్క అంత తేలిక.

రెండు రోజులు ఆ చుట్టిన టేపు వైపు చూడకుండా ప్రాక్టీసు చేయించాను. రెండో సాయంత్రం ప్రాక్టీసులో మా కెప్టెన్ వెనక నుంచి ఒక పొడుగు బంతి కొట్టాడు. అది సరిగ్గా ముందున్నవాడి రొమ్ము మీద దిగింది. అందరూ కేకలు వేశారు. నాకు మాత్రం నూజెండ్ల కుర్రవాడు గుర్తొచ్చాడు. క్యాంటీను బాబాయ్ దగ్గర వాడి నంబరు ఉంటే తీసుకుని ఫోను చేశాను. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూస్తున్నాడట.

“ఎవరూ?”

“నేన్రా. మీ పి.డి. మేష్టార్ని.”

“సార్! బాగున్నారా సార్? ఇంకా ఉన్నారా?”

“ఎక్కడ?”

“కాలేజీలో సార్, కాలేజీలో!”

“ఉన్నాలే. ఒరేయ్, నీ కాలు చచ్చిపోద్దన్నాను, గుర్తుందా?”

“గుర్తుండకేం సార్. మీ తిట్లన్నీ ఇక్కడ లారీలోళ్ళ మీద వాడతన్నా. చానా బాగా పనిచేస్తన్నయ్.”

“మన గ్రౌండు పొట్టిదిరా. పదహారు మీటర్లు తక్కువ. నా అడుగు తగ్గింది. నీ కాలు తప్పేం లేదు.”

వాడు ఫోను పట్టుకుని పక్కకు నడిచినట్టున్నాడు, లారీ హారన్లు దూరమయ్యాయి.

“ఇంటికెళ్ళి మా నాయనతో చెప్పా సార్, నాకు ఆట రాదంట అని. ఆయన నమ్మలా. మీ మేష్టారుకి కళ్ళు సరిగ్గా కనపడట్లేదేమోరా అన్నాడు.”

“కనపడుతున్నాయిరా. చెడ్డ సంగతి అదే.”

“మరి ఇప్పుడేం చేస్తన్నారు సార్?”

“పోస్టులు జరుపుతున్నా. రేపు పొద్దున్నే” అన్నాను.

నిజానికి అప్పటిదాకా నేనేమీ అనుకోలేదు. వాడి ముందు పెద్దమనిషిలా కనబడాలని నోటికొచ్చింది అనేశాను. నా జీవితంలో పెంచి చెప్పిన మాటల్లో దించకుండా వదిలేసింది ఆ ఒక్కటే.

మర్నాడు జట్టును నాపరాయి దగ్గర కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. గుంటలు కప్పిన సంగతి కూడా.

“అంటే సార్, ఇన్నాళ్ళూ మన గ్రౌండులో మేం గెలిచిందంతా...” అన్నాడు కెప్టెన్.

“సగం మీరు గెలిచారు. సగం నా మోకాళ్ళు గెలిపించినయ్.”

“మరి మమ్మల్ని అన్నేసి మాటలన్నారు గద సార్?”

“అన్నాను. ఇప్పుడు మీరనండి. ఒక నిమిషం టైమిస్తున్నా.”

నిమిషం అయిపోతుండగా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. “పొద్దున ఊక తిన్నారా సార్?”

ఎవడన్నాడో చూడలేదు. అందరికంటే ముందు నవ్వింది నేనే. దించుతున్నాను: అందరికంటే చివర నవ్వింది నేను.

ఉత్తరపు పోస్టులు పదహారు మీటర్లు వెనక్కి వెళ్ళాలంటే బాబాయ్ బెంచీలు లేవాలి. బాబాయ్ అంటే వరస కాదు, క్యాంటీను పెట్టిన రోజు నుంచీ అందరికీ బాబాయే. దోసె పెనం మీద నీళ్ళు చిలకరిస్తూనే అరిచాడు.

“ఏంది మేష్టారూ, కడుపు మీద కొడతన్నారు?”

“గ్రౌండు తగ్గుతోందని నీకు తెలవదా బాబాయ్?”

“తెలవకేం? ఏటికో బెంచీ ఏసుకుంటా వస్తి.”

“ఒక్క మాట చెప్పకపోతివే!”

“మీరు కళ్ళు మూసుకుంటిరి. నేను నోరు మూసుకుంటి” అని, పెనం కిందికి దించి, తనే వచ్చి ఒక బెంచీ చివర పట్టాడు.

అడ్డం గీతలు సరిచేశాక, అమ్మాయి నిలువునా టేపు లాగింది. నూట నాలుగు దగ్గర పిల్లలు తవ్వడం మొదలుపెట్టారు. మోకాలి లోతు దిగేసరికి గడ్డపార రాయికి తగిలి ఖంగుమంది. మట్టి తీసి చూస్తే నాపరాతి చెక్కలు, గుండ్రంగా పేర్చి దిగ్గొట్టి ఉన్నాయి. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు, మొదటి బాదు కదలకుండా నా చేత్తో నేను బిగించినవి. ఆ పక్కనే కూర్చుని, చెక్కల మీది మట్టి చేత్తో తుడిచాను.

“మీ అడుగు అప్పుడు కరెక్టుగా ఉంది సార్. సెంటీమీటరు తేడా లేదు” అంది ఆమె.

దించుతున్నాను, ఆమె తరఫున: జానెడు తేడా ఉంది. నా దగ్గర రెండేళ్ళు పనిచేసి ఆ మాత్రం పెంచడం నేర్చుకుంది.

మిగిలిన ఎనిమిది రోజులూ పిల్లల్ని ఆ పదహారు మీటర్ల కోసం పరిగెత్తించాం. నేను విజిలు ఊదితే, ఆమె వాళ్ళ పక్కనే పరిగెత్తింది. ఊపిరి ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడు దాచుకోవాలో ఆమె చెప్పిన నాలుగు మాటలు నేను నలభై ఏళ్ళలో చెప్పలేకపోయాను. ఆ తాళం చెవి కూడా మూడో రోజున ఆటసామాన్ల గది గుమ్మం దగ్గర ‘దొరికింది’.

మొదటి రెండు మ్యాచిలు గెలిచాం. ఫైనల్ మాచర్ల నుంచి వచ్చిన జట్టుతో. నూజెండ్ల కుర్రవాడు ఫ్యాక్టరీ బూట్లతోనే వచ్చి ఉత్తరపు మూల నిలబడ్డాడు. పలకరించబోతే “ముందు ఆట చూడండి సార్” అన్నాడు. ఇరవయ్యో నిమిషంలో కెప్టెన్ కొట్టిన పొడుగు బంతి గాలిలో లేచింది. అది ఎక్కడ పడుతుందో నాకు తెలుసనుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మావాడి రొమ్ము మీద ఉంది. అక్కణ్ణుంచి గోల్లో ఉంది. మూల నుంచి మా నూజెండ్లవాడు లారీల దగ్గర వేసే కేక ఒకటి వినబడింది.

అరవయ్యో నిమిషంలో వాళ్ళు సమం చేశారు. అయినా మావాళ్ళు నడుములు పట్టుకోలేదు. డెబ్బై దాటింది, పట్టుకోలేదు. ఎనభై దాటాక మావాళ్ళిద్దరికి ఒకేసారి పిక్కలు పట్టేశాయి. ఆ ఖాళీలోంచి వాళ్ళ కుర్రవాడు ఒకడు దూరిపోయి రెండో గోలు కొట్టాడు. ఓడిపోయాం.

ఆరేళ్ళలో సొంత గ్రౌండులో మొదటి ఓటమి. పిల్లలు తల దించుకుని నా వైపు వస్తున్నారు. నా దగ్గర తిట్లేమీ మిగల్లేదు. “అన్నమే తిన్నార్రా” అన్నాను.

సన్మానం ఆ సాయంత్రమే. కరస్పాండెంటు మైకులో “ఆరేళ్ళు ఈ గడ్డ మీద ఓటమి ఎరుగని...” అని అందుకున్నాడు. లేచి మైకు తీసుకుని గుంటల కథంతా చెప్పేశాను. ముందు వరసలో కూర్చున్న పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరస్పాండెంటు నా చెవి దగ్గరికి వంగాడు.

“మేష్టారూ, నేను గోల్‌కీపరుగా ఉన్నప్పుడు గ్రౌండు కరెక్టుగానే ఉందా?”

మైకు ఇంకా నా చేతిలోనే ఉందన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. “ఉంది. నువ్వు వదిలేసిన గోల్సన్నీ అసలైన గోల్సే” అన్నాను. హాలు పగిలిపోయేలా నవ్వారు. అందులోనే శాలువా కప్పేశారు. మాట ప్రకారం విజిలు తీసి అమ్మాయి చేతిలో పెట్టాను. ఆమె ఈసారి “సరే సార్” అనలేదు. తీసుకుని, జేబులో పెట్టుకుంది, అంతే.

నేనిచ్చిన మాటలో విజిలుంది. గ్రౌండు లేదు. అది కరస్పాండెంటు అడగడం మరిచిపోయాడు, నేను గుర్తుచేయలేదు.

ఫిబ్రవరిలో పోస్టులు పీకారు, కాయలు ఆరబోశారు, ఎత్తారు. ఈ జూలైలో నాలుగో వాన పడ్డ మర్నాడు ఐదున్నరకి వెళ్ళాను. బాదులు, గడ్డపారలు, కొత్త బ్యాచి పిల్లలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అమ్మాయి తెల్లవారకముందే వచ్చి టేపుతో కొలిచి, ఉత్తరాన సున్నంతో గుర్తు పెట్టించింది. నాపరాయి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి పక్కకు జరిగింది.

“చెప్పులు ఇక్కడ విప్పండి సార్. ముళ్ళు ఏరించా.”

కళ్ళు మూసుకుని బయల్దేరాను. పిల్లలు లెక్క మొదలుపెట్టారు. నూట ఇరవై ఎనిమిది. నూట ఇరవై తొమ్మిది. నూట ముప్పై. పాత పిల్లలు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. నేను కాలు ఎత్తి పట్టుకున్నాను. ఆ ఒక్క కాలు నేల మీద పెట్టడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. పెట్టాను.

“నూట ముప్పై ఒకటి!” అన్నారు.

వినగలిగాను. చచ్చిపోలేదు. నూట నలభై. నూట యాభై. నూట యాభై మూడు దగ్గర ఆగి కళ్ళు తెరిస్తే, సున్నం గుర్తు నా బొటనవేలి కింద ఉంది. గ్రౌండంతా గోల. బాబాయ్ గరిటె ఎత్తి పెనం అంచు మీద కొట్టాడు.

ఆ సాయంత్రమే కరస్పాండెంటు ఫోను. “మేష్టారూ, మళ్ళీ వచ్చారంటగా!”

“వచ్చా. ఏం చేస్తావ్? ఇంకో శాలువా కప్పు. ఊళ్ళో అందరికీ మూడని చెబుతున్నా, అదైనా నిజమవుద్ది.”

దించాల్సింది ఆఖరుది ఒకటి మిగిలింది. చివరి పది అడుగులూ కళ్ళు తెరిచే వేశాను. సున్నం కనబడుతుంటే, ఒకటి పొడుగ్గా, ఒకటి కురచగా సర్దుకుంటూ వెళ్ళి గుర్తు మీద నిలబడ్డాను. పిల్లలకు తెలియలేదు. ఆమెకు తెలుసు, చెప్పలేదు.

వచ్చే ఏడు నూట అరవై పడతాయేమో. ఆ పై ఏడు నూట డెబ్బై. పడనివ్వండి. ఎన్ని పడితే అన్ని వేస్తాను, పిల్లల చేత పైకే లెక్కపెట్టిస్తాను. గ్రౌండు మాత్రం నూట నాలుగు మీటర్లు. అందులో ఇక నేను దించేదేమీ లేదు.